నూటికి అరవై ఏడు పైసల అప్పు, ఉదయం ఏడున్నర బస్సు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా, కోవూరు దగ్గర పల్లె. వయసు 39. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఉద్యోగం, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 దాకా షిఫ్ట్. 2021 జూన్‌లో మియాపూర్ దగ్గర ఫ్లాట్ కొన్నాం. 60 లక్షల లోన్, 20 ఏళ్లు, 6.8 శాతం వడ్డీ, ఈఎమ్ఐ 45,800. 2023కి వడ్డీ 9.3 అయింది. ఒక నెల స్టేట్‌మెంట్ తీసి చూస్తే కట్టిన 45,800లో 44,950 వడ్డీకే పోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత బ్యాంకు ఈఎమ్ఐని 55,000 చేసింది. అప్పటినుంచి బోనస్ వచ్చినా, శని ఆదివారాలు ఆన్‌లైన్ క్లాసులు చెప్తే వచ్చే 18 వేలైనా అంతా లోన్‌లోకే. చేతిలో ఏమీ ఉంచుకోవట్లేదు. ఇప్పుడు 44 లక్షలు మిగిలింది, వడ్డీ 8.05. ఐదేళ్లలో తీర్చేయాలని పట్టు. చిన్నప్పుడు నాన్న పంట అప్పులకి ఎకరం అమ్ముకోవడం చూశాను. ఒకప్పుడు రోజూ పదివేల అడుగులు నడిచేవాణ్ణి, టైమ్ లేక మానేశాను. పిల్లల్ని ఏడున్నరకి స్కూల్ బస్సు ఎక్కించి వచ్చి మళ్లీ పడుకుంటాను, నిద్ర పట్టక బ్యాంక్ యాప్ చూస్తుంటాను. మొన్న ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ అనే షుగర్ పరీక్షలో 6.1 వచ్చింది. నాన్నకి షుగర్ ఉంది. మా ఆవిడ ప్రైవేట్ స్కూల్లో టీచర్. "ఇల్లు కొన్నది ఉండటానికా, కట్టడానికా" అంటోంది. ఐదేళ్లు ఓర్చుకుని అప్పు తీర్చేసి, ఆ తర్వాత ఒంటి సంగతి చూసుకుంటే తప్పేంటమ్మా?

జవాబు: మీ ఉత్తరంలో నా కన్ను 44,950 దగ్గర ఆగిపోయింది. ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసి, చివరి పన్నెండేళ్లు లోన్ల సెక్షన్‌లో కూర్చుని, రెండేళ్ల కిందట రిటైరైన దాన్ని. 2023లో అలాంటి అంకెలు రోజూ చూశాను. రెపో రేటు, అంటే ఆర్బీఐ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, 2020 మే నుంచి 4 శాతం దగ్గర నిలబడి ఉండేది. ఆర్బీఐ 2022 మేలో దాన్ని పెంచడం మొదలుపెట్టి 2023 ఫిబ్రవరికల్లా 6.5 చేసింది. 2019 అక్టోబర్ తర్వాత బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్, అంటే వడ్డీ మారుతుండే, హోమ్ లోన్లు బయటి రేటుకి, ఎక్కువగా రెపోకే, ముడిపడి ఉంటాయి. అది పెరిగినంతా మీ నెత్తినే పడింది. మొదట్లో చాలామందికి ఈఎమ్ఐ కదల్చకుండా గడువు సాగదీశారు. "మాకేం పెరగలేదు మేడమ్" అని సంతోషంగా చెప్పిన ఒకాయనకి నేను కంప్యూటర్ తెర తిప్పి చూపించాను. చివరి వాయిదా తేదీ ఆయన రిటైర్‌మెంట్ దాటి పదకొండేళ్లు ముందుకి పోయి ఉంది. ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ చూశాడు. 2023 ఆగస్టులో ఆర్బీఐ కలగజేసుకుని, వడ్డీ మారినప్పుడు ఈఎమ్ఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కాస్త కాస్తా అని అప్పు తీసుకున్నవాళ్లని అడగాలని బ్యాంకులకి చెప్పింది. కాబట్టి మీ భయం ఉత్తది కాదు.

కాకపోతే అది 2023 నాటి భయం. ఇవాళ్టి లెక్క వేరు. 2025లో రెపో నాలుగు విడతల్లో 5.25కి దిగింది. మీరు 44 లక్షలకి తెచ్చారు. ఇప్పుడు నెలకి వడ్డీ 29,500 పడుతుంది, మీ 55 వేలలో మిగతా 25,500 అసలుకే పోతుంది. మూడేళ్ల కిందట 850 రూపాయలు పోయిన చోట ఇప్పుడు పాతిక వేలు పోతున్నాయి. వడ్డీ ఇలాగే ఉండి, ఇకమీదట పైసా అదనంగా కట్టకపోయినా మీ లోన్ 115 నెలల్లో, అంటే తొమ్మిదేళ్ల ఏడు నెలల్లో తీరిపోతుంది. ఇది మీకు తెలిసే ఉంటే ఐదేళ్లంటూ అంత కంగారు పడరు. యాప్‌లో మిగిలిన అసలు కనిపిస్తుంది గానీ, మీరు ఎంత దూరం వచ్చేశారో కనిపించదు.

ఇంకో మాట. మీ నాన్నగారి అప్పుని మీరు ఇంకా మోస్తున్నారని నా అనుమానం. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మూడేళ్లకోసారి ప్రామిసరీ నోటు తిరగరాయాలి, తిరగరాసేటప్పుడు వడ్డీని అసల్లో కలిపేస్తారు. పంట పోతే అప్పు పెరుగుతూనే ఉంటుంది. అలాంటి అప్పు ఎకరాన్ని మింగిందంటే ఆశ్చర్యం లేదు. మీ అప్పుని కూడా ఊరి లెక్కలోనే చెప్తాను చూడండి. నూటికి నెలకి అరవై ఏడు పైసలు. నోటు తిరగరాయడం లేదు, గుమ్మం ముందుకొచ్చి కేకలేసేవాళ్లూ లేరు. తీర్చవలసిందే, కాదనను. కానీ ఎకరం అమ్మించిన అప్పుకి పడాల్సిన భయం దీనికి పడక్కర్లేదు.

ఇప్పుడు ఐదేళ్ల పట్టు ఖరీదెంతో చూద్దాం. 60 నెలల్లో తీరాలంటే నెలకి దాదాపు 89,300 కట్టాలి. అంటే ఈఎమ్ఐ మీద ఇంకో 34 వేలు, ప్రతి నెలా, పండగ నెలైనా, పిల్లల ఫీజుల నెలైనా. మీ వారాంతపు క్లాసులు ఇచ్చేది 18 వేలు. మిగతా 16 వేలు జీతంలోంచీ బోనస్‌లోంచీ పిండాలి. దీనికి బదులు ఏడాదికి రెండు ఈఎమ్ఐలు, అంటే లక్షా పది వేలు మాత్రం అదనంగా కట్టారనుకోండి. లోన్ ఇంచుమించు ఏడేళ్ల పది నెలల్లో ముగుస్తుంది. ఐదేళ్ల దారిలో ఇకమీదట పడే మొత్తం వడ్డీ తొమ్మిదిన్నర లక్షలు, ఈ దారిలో పదిహేను లక్షల పైచిలుకు. తేడా ఐదున్నర నుంచి ఆరు లక్షలు. తక్కువేం కాదు, ఒప్పుకుంటాను. అయితే ఆ ఆరు లక్షల కోసం ఐదేళ్లలో మీరు ఇస్తున్నది దాదాపు 260 శనివారాలు, 260 ఆదివారాలు, నడక, నిద్ర. మీ పెద్దపిల్ల వయసెంతో రాయలేదు. ఇవాళ మూడో తరగతి అనుకుంటే, మీరు క్లాసులు చెప్పడం ఆపేనాటికి ఎనిమిదో తరగతిలో ఉంటుంది. అప్పటికి ఆదివారం నాన్నతో గడపాలని తనకి ఉంటుందా అన్నది నాకైతే సందేహమే.

మీ ప్రశ్నకి ముఖ్యమైన జవాబు మాత్రం చెన్నైలో ఉంది. షుగర్ రాబోయే దశలో ఉన్న 531 మంది మీద అక్కడ ఒక అధ్యయనం చేశారు, ఫలితాలు 2006లో వచ్చాయి. అందరూ 35 నుంచి 55 మధ్య వయసువాళ్లే, అంటే మీ ఈడువాళ్లే. మామూలు సలహాతో వదిలేసినవాళ్లలో మూడేళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. తిండి సర్దుకుని, రోజూ అరగంట చురుగ్గా నడిచినవాళ్లలో అది 39 శాతమే. అప్పటికే ఒళ్లు వంచి పనిచేసేవాళ్లని అలాగే కొనసాగమన్నారు. మందు వాడినవాళ్లకి కూడా నడిచినవాళ్లకంటే ఎక్కువ లాభం కనపడలేదు. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ఆ రాబోయే దశ అంటారు. మీది 6.1, పైగా నాన్నగారికి ఉంది. చూశారా, మీరడిగింది ఐదేళ్లు, అక్కడ సగం మందికి పైగా మూడేళ్లలోనే గీత దాటేశారు. బ్యాంకు మీకు 2041 దాకా గడువిచ్చింది. ఒళ్లు అంత గడువు ఇచ్చేలా లేదు.

నా సంగతి కూడా చెప్తాను. మా ఇంటి లోన్ 2009లో తీరింది. బ్యాంకు ఉద్యోగులకి తక్కువ వడ్డీ అయినా సరే, తీరేదాకా పట్టుచీర కొననని ఒట్టు పెట్టుకున్నాను. "తీరాక నడుస్తా" అని కూడా అనుకున్నాను. చివరి వాయిదా కట్టిన మర్నాడు పొద్దున నాలుగున్నరకే మెలకువ వచ్చింది. లేచి అలవాటుగా డైరీ తీసి లెక్కలేసుకోబోయి, వేయడానికేమీ లేక అలాగే కూర్చున్నాను. నడక మాత్రం మొదలవలేదు. ఆ తర్వాత రెండేళ్లకి, భుజం బిగుసుకుపోయి జడ వేసుకోవడం కూడా కష్టమయ్యాక, ఫిజియోథెరపీ చేసిన అమ్మాయి తిట్టాక మొదలైంది. వాయిదా తీరిన రోజు చీర కొన్నాను గానీ బూట్లు కొనలేదు. ఇన్నేళ్లు వాయిదా వేసిన పని, అప్పు తీరిన మర్నాడు తనంతట తనే వచ్చి మన ముందు నిలబడదు.

పదివేల అడుగులు కుదరక మొత్తం మానేశానన్నారు. ఆ పదివేలు ఏ డాక్టరూ తేల్చిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే చిన్న పరికరాన్ని మాన్‌పోకెయ్ అన్న పేరుతో అమ్మింది. ఆ మాటకి పదివేల అడుగుల మీటరని అర్థం. అమ్మకానికి పెట్టిన పేరు అందరి మెదళ్లలో పరీక్ష మార్కులాగా కూర్చుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్తున్నది వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ. వారంలో ఐదు రోజులు, రోజుకి అరగంట. మాట్లాడగలిగేంత ఊపిరి ఉండాలి, పాట పాడగలిగేంత ఉండకూడదు. అంతే.

ఆ అరగంట మీ దగ్గర ఉంది. మీ ఉత్తరంలోనే ఉంది. ఏడున్నరకి పిల్లల్ని బస్సు ఎక్కించి, పైకొచ్చి, నిద్ర పట్టక యాప్ చూస్తున్నారు కదా, అదే. రబ్బరు చెప్పులతో కిందికి దిగుతుంటారని నా ఊహ, అందరం అంతే. రేపటినుంచి బూట్లు వేసుకుని దిగండి. రాత్రి పదకొండు దాటి వచ్చి విప్పినప్పుడే సాక్సు మార్చి గుమ్మం దగ్గర పెట్టుకోండి. బస్సు కదిలాక లిఫ్ట్ వైపు తిరగకుండా గేటు దాటి పదిహేను నిమిషాలు ఒక దిక్కుకి నడవండి, మళ్లీ వెనక్కి. ఫోన్ పైనే వదిలేయండి. ఒక్కసారి లిఫ్ట్ ఎక్కి సోఫాలో కూలబడితే మళ్లీ దిగడమంటే మహాకష్టం, నాకు తెలుసు. మీ వైపు ఫుట్‌పాత్‌ల మీద మనుషులు తప్ప అన్నీ ఉంటాయి, బైకులు, ఇసక కుప్పలు, సగం ముగిసిన డ్రైనేజీ పని. అందుకని కాలనీ లోపలి రోడ్లే మేలు. వానల్లో సెల్లార్ ఉంది. సెల్లార్‌లో తిరిగితే వాచ్‌మన్ మొదటి రెండు రోజులు వింతగా చూస్తాడు, మూడో రోజునుంచి "సార్, ఆ తెల్ల కారు రివర్స్ వస్తోంది" అని హెచ్చరిస్తాడు. మే నెలలో ఏడున్నరకే ఎండ చురుక్కుమంటుంది, అప్పుడూ సెల్లారే దిక్కు. తిరిగొచ్చాక నిద్ర వస్తే నిక్షేపంగా పడుకోండి, నడిచొచ్చాక పట్టే నిద్ర వేరు.

ఆఫీసులో రాత్రి భోజనం ఎనిమిదింటికి అనుకుంటాను. తిన్న వెంటనే సీట్లో కూర్చోకుండా పది నిమిషాలు ఆ అంతస్తులోనే తిరగండి. తిన్నాక నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగదన్నదు. మీరు మాట్లాడనక్కర్లేని కాల్స్ ఉంటాయి కదా, ఊరికే వినేవి, వాటిలో ఒకటి నడుస్తూ వినండి. అన్నం మానేయమని చెప్పను, నెల్లూరువాళ్లకి ఆ మాట చెప్పి గెలిచినవాళ్లు లేరు. కాస్త తగ్గించి కూర పెంచండి. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించుకోండి, ఆ పరీక్ష చూపేది దాదాపు మూడు నెలల సగటు కాబట్టి అంతకంటే ముందు చేయిస్తే పెద్దగా తేడా తెలియదు. ఈలోగా ఒక్కసారి డాక్టర్‌కి చూపించండి, బీపీ కూడా. ఈ పని వాయిదా వేయకండి.

చేతిలో ఏమీ ఉంచుకోవట్లేదన్నారు, నాకు షుగర్ కన్నా అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది. లోన్‌లో కట్టేసిన డబ్బు గోడలోకి వెళ్లిన సిమెంటు లాంటిది. రేపు ఉద్యోగం ఊగిసలాడితే గోడ పగలగొట్టి ఈఎమ్ఐ కట్టలేరు. కాబట్టి ఈ ఏడాది అదనపు వాయిదాలు ఆపేయండి. ఆ డబ్బంతా పక్కన పెట్టి, ఆరు నెలల ఈఎమ్ఐ, ఇంటి ఖర్చు కలిపి ఎంతో అంత పోగయ్యేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. "ఎనిమిది శాతం అప్పు పెట్టుకుని ఆరున్నరకి డిపాజిట్ ఎవరైనా వేస్తారా" అని మీ ఆఫీసులో ఒకాయన తప్పక అంటాడు. ట్యాక్స్ పోను చూస్తే ప్రతి నాలుగు లక్షల మీద ఏడాదికి పది, పదిహేను వేలు నష్టమే. అది రాత్రి నిద్రకి కట్టే రుసుం అనుకోండి. కొన్ని బ్యాంకుల్లో ఓవర్‌డ్రాఫ్ట్ తరహా హోమ్ లోన్ ఉంటుంది, అందులో మిగులు డబ్బు వేస్తే వడ్డీ తగ్గుతుంది, అవసరమైతే తీసుకోవచ్చు. మీ బ్యాంకులో దానికి మారడం కుదురుతుందేమో కనుక్కోండి, వడ్డీ కాస్త ఎక్కువ అడిగితే లెక్క చూసుకున్నాకే.

టర్మ్ ఇన్సూరెన్స్ ఉందో లేదో రాయలేదు. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీని లెక్కలో పెట్టకండి, ఉద్యోగం మారితే అది మీతో రాదు. మిగిలిన అప్పు తీరి, ఇల్లు కొన్నేళ్లు నడిచేంతకి సొంతంగా ఒకటి తీసుకోండి, ఇప్పుడే. షుగర్ అని ఒకసారి కాగితం మీద పడ్డాక ప్రీమియం పెరుగుతుంది, పరీక్షలూ ఎక్కువవుతాయి. ఈ 6.1 సంగతి ఫారంలో దాచకండి. దాచితే క్లెయిమ్ నాడు మీ ఆవిడే కంపెనీ చుట్టూ తిరగాలి.

వారాంతపు క్లాసుల్లో ఒక రోజు వదిలేయండి. శనివారం చెప్పండి, ఆదివారం వద్దు. సగం, అంటే 9 వేలు వచ్చినా ఏడాదికి లక్షా ఎనిమిది వేలు. నేను చెప్పిన ఆ రెండు ఈఎమ్ఐలు ఇంచుమించు అక్కడే వచ్చాయి. ఎమర్జెన్సీ డబ్బు పోగయ్యాక ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, బోనస్ వచ్చినప్పుడు ఒకసారి కట్టండి. ఆ రెండు రోజులు తప్ప ఏడాదంతా యాప్ తెరవకండి. ఆ యాప్ ఫోన్‌లోంచి తీసేసినా ఈఎమ్ఐ దానంతట అదే కట్ అవుతుంది. మీరు అప్పుని రోజుకి ఐదుసార్లు చూస్తున్నారు, ఒంటిని ఏడాదికోసారి, అదీ ఆఫీసువాళ్లు పిలిస్తేనే. ఆ రెంటినీ తారుమారు చేయమనే చెప్తున్నాను.

మీ ఆవిడ అడిగింది ఎత్తిపొడుపు అనుకోకండి. ఈ కాగితం మీద అంకెలు ఆవిడకి చూపించండి, 115 నెలలన్నది ముఖ్యంగా. ఇంట్లో ఒక్కరే లెక్క మోస్తుంటే రెండోవాళ్లకి కనపడేది మొహం మాడ్చుకున్న మనిషే.

ఇక బ్యాంకు పనులు. ఒకరోజు షిఫ్ట్‌కి ముందు బ్రాంచ్‌కి వెళ్లి మిగిలిన వాయిదాల పట్టిక అడిగి తీసుకోండి. నేను వేసిన 115 దానితో సరిపోవాలి. ఎక్కువుంటే, మీరు అదనంగా కట్టినప్పుడల్లా వాళ్లు గడువు తగ్గించారా, ఇంకేమైనా చేశారా అన్నది అడగండి. ఇకమీదట అదనంగా కట్టినప్పుడు "ఈఎమ్ఐ అలాగే ఉంచి గడువు తగ్గించండి" అని రాసి ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. వ్యక్తులు ఇంటి కోసం తీసుకున్న ఫ్లోటింగ్ లోన్‌కి ముందుగా కట్టినందుకు పెనాల్టీ వేయకూడదు, ఎవరైనా ఛార్జీ అన్నారంటే రాతలో అడగండి. రెపో 5.25, మీ వడ్డీ 8.05, అంటే రెపో పైన బ్యాంకు మీ మీద అదనంగా వేసిన స్ప్రెడ్ 2.80. కొత్తగా లోన్ తీసుకునేవాళ్లకి ఎంతకి ఇస్తున్నారో కనుక్కుని, తక్కువుంటే మాకూ తగ్గించండని దరఖాస్తు పెట్టండి. చిన్న కన్వర్షన్ ఛార్జీ ఉండొచ్చు. పావు శాతం తగ్గినా 44 లక్షల మీద మొదటి ఏడాదే పదివేల పైన మిగులుతుంది. ఇంటి వడ్డీకి పన్ను మినహాయింపు ఉందని లోన్ ఉంచుకోమనేవాళ్లుంటారు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే సొంతానికి ఉంటున్న ఇంటికి ఆ మినహాయింపే లేదు, ఆ మాట పట్టించుకోనక్కర్లేదు.

ఏ రోజైతేనేం, లోన్ మొత్తం తీరాక ఒరిజినల్ కాగితాలు 30 రోజుల్లో మీ చేతికి రావాలి. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకి 5,000 చొప్పున మీకు ఇవ్వాలి, 2023 డిసెంబర్ నుంచి ఆ నిబంధన ఉంది. అది తర్వాతి మాట. ముందు బ్రాంచ్‌కి వెళ్లేటప్పుడు ఆధార్, పాన్ జిరాక్స్‌లు రెండేసి పట్టుకెళ్లండి. లోన్ ఇచ్చినప్పుడే అవన్నీ తీసుకున్నాం కదా అని మీరంటారు, అయినా అడుగుతారు. నేనూ అడిగేదాన్ని.